ఇరవై రెండో తేదీ సింహం

మా నాయన నాంపల్లి స్టేషను వెనక గల్లీలో ఇల్లు కిరాయికి తీసుకోవడానికి కారణం ఒకటే. అవసరం పడితే అందరినీ వెంటబెట్టుకుని మొదటి రైలెక్కెయ్యొచ్చు. గాలి వస్తుందా, నల్లా వస్తుందా, పక్కింటివాళ్ళు ఎట్లాంటివాళ్ళు, ఇవేవీ ఆయన అడగలేదు. ఇంటి నుంచి ప్లాట్‌ఫారానికి మాత్రం నడిచి చూసుకున్నాడు, తృప్తిపడ్డాడు. అది 1948 చివర. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

గుమ్మం పక్కన మా సందూక ఉండేది. పెద్ద ఇనప పెట్టె, చుట్టూ మోకు వేసి బిగించి కట్టింది. అందులో మా ఇత్తడి పళ్ళాలు, అమ్మ పెళ్ళి చీర, మా అందరి మంచి బట్టలు ఉన్నాయి. ఉన్నాయని మాకు తెలుసు, అంతే. నాయన ఆ మోకు విప్పనివ్వలేదు. రెండు గిన్నెల్లో వండుకుని సత్తు పళ్ళాల్లో తినేవాళ్ళం. క్రిస్మసుకు కూడా రోజూ కట్టే బట్టలతోనే చర్చికి పోయాం. రైలు కూత వేసినప్పుడల్లా నాయన చెయ్యి ఆ ముడి మీదికి పోయేది. స్టేషను పక్కన ఇల్లాయె, కూతలకేం కరువు.

ఆయనను పిరికివాడని ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఊళ్ళో ఆయన మిషను బడిలో పంతులు. గడబిడ రోజుల్లో ఒక సాయంత్రం ఊరి బయట కొత్త మనుషులు తిరగడం చూశాడు. ఎవరికీ ఏమీ తోచలేదు, ఆయనకు తోచింది. తెల్లారేసరికి బండి కట్టించి నాయనమ్మను, అమ్మను, నన్ను, సందూకను ఎక్కించాడు. తర్వాత మా వీధి కాలిపోయిందని విన్నాం. ఆయన ముందుచూపు వల్లే మేం నలుగురం బతికాం. ఒకసారి తన అంచనా అంత సరిగ్గా నిజమైన మనిషితో వాదించడం ఎవరి తరం?

హైదరాబాదులో ఆయనకు పార్సిల్ ఆఫీసులో పని దొరికింది. మూటల మీద, పెట్టెల మీద చిరునామాలు రాసేవాడు. ఆయన చేతిరాత పడిన మూటలు మద్రాసు, బొంబాయి పోయేవి. ఆయన మాత్రం ఇల్లు, స్టేషను, చర్చి, ఈ మూడు తప్ప నాలుగో చోటికి పోయేవాడు కాదు. మమ్మల్నీ పోనిచ్చేవాడు కాదు. చలికాలం వస్తే దగ్గర్లోని నుమాయిష్ ఎగ్జిబిషన్ దీపాలు మా మిద్దె మీదికి కనిపించేవి, పాటలు వినిపించేవి. మేం మిద్దె మీద నిలబడి అక్కడి తినుబండారాల వాసన పీల్చుకునేవాళ్ళం.

దేనికైనా ఆయన మాట ఒకటే, ‘చూద్దాం’. కిటికీకి తెర కడదామా? చూద్దాం. పెరట్లో జామో, కరివేపాకో నాటుదామా? చూద్దాం, ఎన్నాళ్ళుంటమో ఏమో. నన్ను బడిలో వేద్దామా? ఈ మాట దగ్గర ఆయన కొంచెం పొడుగ్గా చెప్పేవాడు. ఉర్దూలో చెప్తరో తెలుగులో చెప్తరో తేలలేదు, రూపాయి ఏది చెల్లుతదో తేలలేదు, సర్కారే తేలలేదు, జరంత సర్దుకోనీ, చూద్దాం. చూస్తుండగానే రెండేళ్ళు కావొచ్చింది. నాకు చదవడం ఇంట్లో ఆయనే నేర్పాడు, చక్కగా నేర్పాడు. కానీ బడి వేరు. పొద్దున స్టేషను మీదుగా జడలు ఊపుకుంటూ పోయే పిల్లలను చూసి నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చేది. నేను పుట్టడమే కోపంతో పుట్టానని నాయనమ్మ అనేది.

మా ఇంట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన ఉండేది. బైబిల్లో సామెతల గ్రంథానికి ముప్పై ఒక్క అధ్యాయాలు. నెలకు దాదాపు అన్నే రోజులు కనుక ఏ తేదీకి ఆ అధ్యాయం. ఆఖరి అధ్యాయంలో గుణవంతురాలైన ఇల్లాలి పొగడ్త ఉంటుంది. ముప్పై రోజుల నెలలో ఆమె రాదు. ‘ఈ నెల మీ ఆడోళ్ళకు సెలవు’ అని నాయన నవ్వేవాడు. అమ్మ నవ్వేది కాదు.

చదవడం నా పని. అర్థం చెప్పడం నాయన పని. బైబిలు గుడ్డలో చుట్టి ఎత్తుగా పెట్టేవారు, ప్రార్థన వేళ తప్ప నా చేతికి వచ్చేది కాదు. ఇరవై రెండో తేదీ అంటే నాయనకు పండగ. ఆ అధ్యాయం మూడో వచనంలో, బుద్ధిమంతుడు అపాయం రావడం ముందే చూసి దాక్కుంటాడనీ, తెలివిలేనివాళ్ళు ముందుకే పోయి దెబ్బ తింటారనీ ఉంటుంది. అక్కడికి రాగానే ఆయన చెయ్యెత్తి నన్ను ఆపేవాడు. ఊరు, సాయంత్రం, కొత్త మనుషులు, బండి, అంతా మళ్ళీ చెప్పేవాడు. పొయ్యి మీద అన్నం మాడు వాసన వచ్చే వేళకు ఆమెన్ అనేవాళ్ళం. అన్ని నెలలూ మాకు ఆ అధ్యాయం మూడో వచనంతోనే అయిపోయింది. దాని తర్వాత ఇంకో ఇరవైయారు వచనాలు ఉన్నాయన్న సంగతే మరిచిపోయాం.

1950 మే నెల ఇరవై రెండున నాయనకు పంటినొప్పి. దవడకు గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు. మూడో వచనం దగ్గర చెయ్యెత్తాడు, నోరు తెరిచాడు, నొప్పికి మళ్ళీ మూసుకుని, కానివ్వు అన్నట్టు తల ఊపాడు. నేను రైలుబండిలా సాగిపోయాను. పదమూడో వచనం దగ్గర నాయనమ్మ నన్ను ఆపింది.

“ఆగు బిడ్డా. గా మాట మల్ల సదువు.”

మళ్ళీ చదివాను. నాయనమ్మకు చదువు రాదు. చెవిలో పడ్డదే ఆమెకు పుస్తకం.

“సింహమా? గల్లీలనా?”

“ఔ నాయనమ్మా. బయట సింహమున్నది, నేను పోతే వీధిల చంపుతదని అంటడట.”

“ఎవడంటడు?”

“సోమరిపోతు.”

నాయనమ్మ నాయన వైపు చూసింది. అమ్మ వత్తి సరిచేస్తున్నట్టు లాంతరు మీదికి వంగింది. నాయన దవడ పట్టుకునే అన్నాడు, “నన్నంటున్నవా అవ్వా?”

“నిన్నెందుకంటరా. నువ్వు ఎద్దోలె కష్టపడుతవు. నువ్వు సోమరివి కావు.” కొంచెం ఆగింది. “కానీ నీ సింహం మాత్రం వాని సింహమే.”

ఒకటే పేజీ. పైన దాక్కోవడం తెలివి అని ఉంది, కింద సింహం ఉందంటూ ఇంట్లో కూర్చోవడం సోమరితనం అని ఉంది. రెంటికీ మధ్య జానెడు కూడా లేదు. నాకు ఆ రాత్రి భలే సంతోషం కలిగింది. ఇన్నాళ్ళూ దేవుడి పుస్తకమంతా నాయన పక్షానే ఉందనుకున్నాను.

పొద్దున నాయనమ్మ చేతికర్ర తీసుకుని బయల్దేరింది. ఎక్కడికని అమ్మ అడిగింది.

“సింహమున్నదో లేదో చూసొస్త. గీడ కూసోని తగువెందుకు?”

మధ్యాహ్నానికి వచ్చి గడపలో కూలబడి, అన్నానికి వచ్చిన నాయనతో చెప్పింది. “మార్కెట్ దాక పోయిన. సింహం లేదు. మామిడిపండ్లున్నయి.” కొంగు విప్పి ఒక పండు నా చేతిలో పెట్టింది. మొజంజాహి మార్కెట్ మా ఇంటికి ఎంతో దూరం కాదు. రెండేళ్ళలో మా ఇంట్లో ఎవరూ చూడలేదు.

అది మొదలు రోజూ పోయేది. ఒక రోజు మార్కెట్ గడియారం దాటి వెళ్ళింది. ఒక రోజు పెద్ద పోస్టాఫీసు దాకా. ఒక రోజు ఆబిడ్స్ దుకాణాల అద్దాల్లో తనను తాను చూసుకుని వచ్చింది. “గాడ రెండంతస్తుల బస్సు పోతున్నది కొడకా. సింహమొచ్చినా దాని కింద పడి సస్తది,” అంది. పక్కింటి గుమాస్తాగారి భార్య గోడ మీద నుంచి పలకరించేది, “ఏం పెద్దమ్మా, ఇయ్యాలన్న కనవడ్డదా?” “లేదు బిడ్డా, రేపు ఇంకింత దూరం పోయి చూడాలె,” అని మా నాయనమ్మ జవాబు. గల్లీ మొత్తం నవ్వేది. నాయన నవ్వేవాడు కాదు. “ముందుచూపు లేని మాటలు,” అని చెయ్యి కడుక్కుని పోయేవాడు.

ఆబిడ్స్ అవతల ఆడపిల్లల మిషను బడి ఉంది. నాయనమ్మ తిరుగుడు దాని గేటు దాకా వచ్చి ఆగింది. లోపలికి పోయి పెద్ద టీచరమ్మను కలిసింది, నా సంగతి చెప్పింది. ఆమె కచ్చితమైన మనిషి. ఊళ్ళు విడిచి వచ్చినవాళ్ళు పిల్లలను చేర్పించడం, నెల తిరక్కుండా మాయమవడం చూసి చూసి విసిగిపోయింది. తండ్రే స్వయంగా వచ్చి ఈ ఊళ్ళో ఉంటామని చెప్పాలి, అప్పుడే చేర్చుకుంటాను అంది. ఈ జూను దాటితే నా వయసుకు ఆ తరగతిలో చోటు ఉండదని కూడా చెప్పింది.

నాయనమ్మ ఆ మాట అట్లాగే మోసుకొచ్చి నాయన ముందు పెట్టింది. నేను పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

“చూద్దాం,” అన్నాడు నాయన.

నేను పళ్ళెం విసిరేశాను. సత్తు పళ్ళెం కనుక దానికేం కాలేదు, నాకు మాత్రం వీపు మీద రెండు పడ్డాయి. కొట్టింది నాయన కాదు, అమ్మ. కొట్టి, తనే పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది.

జూను సగం దాటింది. ఒక మధ్యాహ్నం నాయన అన్నానికి వచ్చేసరికి నాయనమ్మ పళ్ళెం బోర్లించి ఉంది. పొద్దున పోయిన మనిషి ఇంకా రాలేదు. నాయన గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూశాడు.

“అవ్వ యాడికి పోయింది?”

“సింహాన్ని చూడనీకి,” అంది అమ్మ. అమ్మ అట్లా మాట్లాడటం నేను అదే మొదలు వినడం.

నాయన ముఖంలో రక్తం లేదు. గబగబా వీధిలోకి దిగాడు. చెప్పులు గుమ్మం దగ్గరే ఉండిపోయాయి. నేను వెనకే పరిగెత్తాను, వద్దని చెప్పే తీరిక ఆయనకు లేదు. స్టేషను దాటాడు. మార్కెట్ వచ్చింది. పండ్ల దుకాణం ముందు నిలబడి, తెల్లగడ్డం ముసలాయనను ఉర్దూలో అడిగాడు, ఒక ముసలమ్మ, కర్ర పట్టుకుని, ఇటు వచ్చిందా అని.

“ఆ షేర్‌ను వెతికే అమ్మేనా?” అన్నాడు ఆయన, సింహాన్ని షేర్ అంటూ. “పొద్దున్నే అటు పోయింది. మీరు ఆమె కొడుకా? కూర్చోండి, నీళ్ళు తాగండి, కాళ్ళు కాలుతున్నాయి.”

నాయన నీళ్ళు తాగలేదు. పోస్టాఫీసు దగ్గర రిక్షా అతను, మేం నోరు తెరవకముందే, నా ముఖం చూసి కాబోలు, “సింహపు అవ్వ కోసమా? బడి దిక్కు పోయింది,” అన్నాడు. చెప్పుల దుకాణం మెట్ల మీద కూర్చున్న అమ్మాయి, చాయ్ హోటల్ గల్లా దగ్గర కూర్చున్న ఇరానీ, అందరికీ మా నాయనమ్మ తెలుసు. రెండేళ్ళు మా నాయన భయపడిన దారి పొడుగునా ఆమెకు చుట్టాలున్నారు. ఆమె ఎక్కడ కూర్చుంటుందో, ఎక్కడ నీళ్ళు తాగుతుందో, మనవరాలికి ఏ పండు ఇష్టమో వాళ్ళకు తెలుసు. నాయన మొదట పరిగెత్తాడు, తర్వాత నడిచాడు, తర్వాత నడుస్తూ అటూ ఇటూ చూడటం మొదలుపెట్టాడు. నేను ఆయన చొక్కా పట్టుకుని నడిచాను. అంత ఆనందంగా నేనెప్పుడూ నడవలేదు. నాయనమ్మకు ఏమైందో అన్న భయం లోపల ఉన్నా, ఆనందమే ఎక్కువ.

ఆమె బడి వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. కాలు మడత పడింది. తడిగుడ్డ చుట్టారు. పక్కన పెద్ద టీచరమ్మ నిలబడి ఉంది.

“వచ్చినవా కొడకా,” అంది నాయనమ్మ. “రిక్షాలో పంపుతమన్నరు ఈ అమ్మ. నేనే వద్దన్న. నా కొడుకు వస్తడని చెప్పిన.” ఆయన కాళ్ళకేసి చూసింది, బొబ్బలెక్కిన ఆ ఉత్త కాళ్ళకేసి. అప్పుడు నెమ్మదిగా అడిగింది, “తోవల ఏమన్న కనవడ్డదా?”

నాయన ఆమె కాలి దగ్గర కూర్చుని తడిగుడ్డ సర్దాడు. “లేదవ్వా,” అన్నాడు.

పెద్ద టీచరమ్మ నన్ను చూసింది, ఆయనను చూసింది. “ఈ అమ్మాయి తండ్రి మీరేనా? ఈ ఊళ్ళో ఉంటారా, పోతారా?”

చూద్దాం అంటాడనుకున్నాను. ఆ మాట ఆయన పెదవుల దాకా రావడం నేను చూశాను. నాకు గొంతులో అరుపు లేచింది. నాయనమ్మ నా చెయ్యి గట్టిగా గిల్లింది, నేను మింగేశాను.

“ఉంటం,” అన్నాడు మా నాయన.

తర్వాత ఎన్నో ఏళ్ళు నేను ఆదివారం బడిలో పిల్లలకు సామెతలు చెప్పాను. ఆ పుస్తకం తాళంచెవుల గుత్తి. అన్ని తాళాలకూ ఒకటే చెవి పెట్టి తిప్పితే తాళమే చెడుతుంది. బైబిల్లో కష్టాలపాలైన యోబుకు స్నేహితులు చెప్పినవీ మంచి మాటలే, చెప్పిన వేళ తప్పు, చెప్పిన మనిషి తప్పు. మరి ఇది మూడో వచనమా, పదమూడో వచనమా అని ఎట్లా తెలుస్తుంది టీచర్ అని ఒక పిల్ల అడిగింది. నాకు తెలిసింది నేను చెప్పాను. నువ్వు దాక్కుంటే ఎవరు బతుకుతున్నారో చూడు. మా నాయన ఊళ్ళో దాక్కున్నందుకు నలుగురం బతికాం. నాంపల్లిలో దాక్కుంటే బాగుపడింది ఒక్క సందూకే. అప్పటికీ తెలియకపోతే చెప్పులేసుకుని వీధిలోకి పోయి చూసి రా. దేవుడు మనకు తెలివితో పాటు కాళ్ళు కూడా ఇచ్చాడు.

ఆ రోజు రిక్షాలో ఇంటికి వచ్చాం. నాయన నేరుగా సందూక దగ్గర కూర్చున్నాడు. ముడి బిగుసుకుపోయి రాయి అయింది, గోళ్ళతో రాలేదు, పళ్ళతో రాలేదు. అమ్మ లోపలి నుంచి కత్తిపీట తెచ్చి, ఆయనను జరగమని, ఒక్క కోతతో తెంపేసింది. ఆమె ఎన్నాళ్ళ నుంచి ఆ పని చేద్దామని అనుకుంటున్నదో ఆ కోతలోనే తెలిసింది.

మూత లేపితే కలరా ఉండల వాసన. పళ్ళాలు, చీరలు, వాటి అడుగున ఒక నీలం గౌను. మడత కూడా విప్పలేదు. నన్ను పెద్ద బడికి పంపడానికని ఊళ్ళో అమ్మ కుట్టింది, ఆ గడబిడ మొదలుకాక ముందు. నాయన దాన్ని తీసి నా భుజాలకు ఆనించి చూశాడు. అది నా నడుము దాటలేదు. ఆయన అట్లాగే పట్టుకుని ఉండిపోయాడు. చెంపల మీద నుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా అక్కడితో పోయింది.

అమ్మ ఆ గౌను తీసుకుపోయి, కింది భాగం కుట్టేసి, చేతులు కత్తిరించి పట్టీ చేసి, నాకు పుస్తకాల సంచి కుట్టింది. మోకును పెరట్లో దండెం కట్టింది. మరుసటి ఆదివారానికి మా మంచి బట్టలన్నీ ఉతికి దాని మీద ఆరేసింది. పెళ్ళి చీర ఆ చివర నుంచి ఈ చివర దాకా వచ్చింది. పక్కింటామె గోడ మీద నుంచి చూసి, ఇవన్నీ మీవేనా అని ఆశ్చర్యపోయింది. చలికాలం నుమాయిష్‌కు పోయాం. నాయన జెయింట్ వీల్ ఎక్కాడు, దిగి మళ్ళీ ఎక్కాడు. పెరట్లో కరివేపాకు నాటాం, రెండేళ్ళకు గోడ దాటింది.

ఆరేళ్ళు ఆ సంచితోనే బడికి పోయాను. నా తరగతిలో అందరికంటే నేను పెద్దదాన్ని, అందరికంటే నోరున్నదాన్ని. 1956 వేసవిలో మెట్రిక్ ఫలితాలు వచ్చే రోజున మా గల్లీలో ఎవరి నోట విన్నా రాష్ట్రం మారుతుందట, మళ్ళీ ఏమవుతుందో అన్న మాటే. పక్కింటి గుమాస్తాగారు అరుగు మీద కూర్చుని ఫికర్ పడుతున్నారు. “జర ఆగుండ్రి, నేను పోయి చూసొస్త,” అని మా నాయన చెప్పులేసుకుని ఆబిడ్స్ పోయాడు. పత్రిక కొని, మార్కెట్‌లో తెల్లగడ్డం ముసలాయనకు చూపించి, ఆయన ఎత్తిచ్చిన మామిడిపండ్ల బుట్ట తల మీద పెట్టుకుని, గల్లీ మొదట్లోంచే నా నంబరు అరుస్తూ వచ్చాడు. నేను ఫస్టు క్లాసులో పాసయ్యాను. మా వంశంలో మెట్రిక్ దాటిన మొదటి మనిషిని నేను.

ఆ సాయంత్రం ప్రార్థనకు నాయన బైబిలు నాకివ్వలేదు. తనే విప్పాడు. ఇరవై ఎనిమిదో అధ్యాయం అని చెప్పి తీశాడు.

“ఇయ్యాల తారీఖు అది కాదు కదరా,” అంది నాయనమ్మ.

“తెలుసవ్వా.”

మొదటి వచనం చదివాడు. ఎవరూ తరమకపోయినా దుష్టుడు పారిపోతాడని ఉంది అందులో. అక్కడ ఆగాడు. “దుష్టుడని రాసిన్రు గానీ, భయస్తుడని నేను సదువుకుంట. ఇది నేను,” అన్నాడు. తర్వాతి ముక్కలో నీతిమంతులు సింహంలాగా ధైర్యంగా నిలబడతారని ఉంది. అది చదవబోయి, చదవలేక, పుస్తకం మీద వేలు పెట్టి నా వైపు చూశాడు.

నాయనమ్మ నవ్వింది, పళ్ళు లేని నోరంతా తెరిచి.

“ఆబిడ్స్ దాక దేవులాడిన బిడ్డా,” అంది నా తల మీద చెయ్యి వేసి. “ఇంట్లనే ఉన్నది.”